నన్ను తోమకండి

నేను ఒక ఇంజిన్‌ని. బొమ్మని కాను, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. అరచేతిలో ఇమిడిపోతాను కాబట్టి చూసిన ప్రతివాళ్లూ "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!" అంటారు. నేనేమైనా పిల్లికూననా ముద్దుగా ఉండటానికి? రోడ్డు మీద లారీని లాగే డీజిల్ ఇంజిన్‌లో ఏముంటుందో నాలోనూ అదే ఉంది. సిలిండరు ఉంది, పిస్టను ఉంది, క్రాంకు ఉంది, కోపం కూడా ఉంది. ఒళ్లు చిన్నది, అంతే.

పలచటి చెక్కతో, సిల్కు కాగితంతో చేసిన మోడల్ విమానాన్ని గాలిలోకి లాక్కెళ్లడం నా పని. నా తిండి ఈథరు, కిరసనాయిలు, ఆముదం. అవునండీ, ఆముదమే. మీ ఇళ్లలో పిల్లలు ముక్కు మూసుకుని, ఏడ్చి, ఇల్లంతా పరిగెత్తించి తాగే ఆముదాన్ని నేను హాయిగా తాగుతాను. తాగినదాంట్లో సగం మండకుండానే బయటికి ఊసేస్తాను. అది నా స్వభావం. నచ్చనివాళ్లు దూరంగా నిలబడవచ్చు.

కోయంబత్తూరులో రెండు లేతు మిషన్లున్న ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా పిస్టనుకి రింగులు ఉండవు. అందుకని నన్ను చేసినవాడు పిస్టన్ని, సిలిండర్ని ఒకదానికొకటి సరిపోయేదాకా సన్నటి పొడి పెట్టి నూరాడు. ఆ రెండింటి మధ్య నూనె పొర పట్టేంత సందు మాత్రం మిగిలాక చెయ్యి ఆపేశాడు. ఆ సందే నా ప్రాణం. నాకు స్పార్కు ప్లగ్గు లేదు. సిలిండరులో గాలి ఎటూ పోలేక నలిగి వేడెక్కితేనే మంట పుడుతుంది. లోపల ఒక్క ఇసుక రేణువు పడినా, మెరుగు పెడదామని ఎవరైనా పిస్టన్ని నాలుగుసార్లు గట్టిగా రుద్దినా, ఆ సందు పెద్దదైపోతుంది. ఇంక నేను చచ్చినట్టే. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. ఒక్క మనిషి తప్ప మా ఇంట్లో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

నన్ను కొన్నది కాకినాడలో ఒక డ్రాయింగు మాస్టారు, తన కొడుకు ప్రభాకరం కోసం. అబ్బాయి చదివే కాలేజీలో మోడల్ విమానాల క్లబ్బు ఉండేది. మైదానం మధ్యలో మనిషి చేతిలో పిడి పట్టుకుని నిలబడతాడు. ఆ పిడికి కట్టిన రెండు సన్నటి ఉక్కు తీగల చివర విమానం గుండ్రంగా తిరుగుతుంది. దాంతోపాటు మనిషీ తిరగాలి. ప్రభాకరం రెండు చుట్లు తిరిగి, పిడి వదిలేసి, గడ్డిలో కూలబడి వాంతి చేసుకున్నాడు. నేను విమానంతో సహా వెళ్లి ముళ్లకంచెలో పడ్డాను. ఆ కంచెలోంచి నన్ను తీసింది అతని చెల్లెలు హైమవతి. అదే కాలేజీలో బీయెస్సీ చదువుతోంది. మర్నాటినుంచి పిడి ఆమె చేతిలో ఉంది. అన్నయ్య విమానం తోక పట్టుకుని, చెల్లెలు తల ఊపగానే వదిలేవాడు. అతనికి ఆ పనే సుఖంగా ఉంది.

ఆ రోజుల గురించి చెప్పమంటే నేను ఆగను. హైమ తల ఎత్తి, నా మీంచి చూపు తిప్పకుండా, మడమ మీద గుండ్రంగా తిరిగేది. జడ కూడా తిరిగేది. నేను అరిచే అరుపుకి పక్కనున్న హాస్టల్లో కిటికీలు మూసుకునేవారు. దిగాక ఆమె ఒళ్లంతా ఆముదం తుంపర్లు. వాళ్లమ్మ "జాకెట్లన్నీ తగలేస్తున్నావే" అని తిట్టేది.

ఆమె నన్ను శుభ్రం చేసే తీరు చెప్పాలి. ఇంటికి రాగానే గాజుగిన్నెలో కిరసనాయిలు పోసేది. నన్ను విప్పి అందులో నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో మెల్లగా గీకేది. వాళ్లమ్మ పాత మల్లుచీర ముక్కతో తుడిచేది, నూలు పోగు ఊడి లోపల చిక్కుకోకుండా. చివర్న రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి, ప్రొపెల్లరు ఒకసారి తిప్పి, లోపల నలిగిన గాలితో నేను వెనక్కి నెడుతున్నానో లేదో వేలితో చూసుకునేది. నా తల మీద కాలిన నల్లటి మరకల జోలికి మాత్రం పోయేది కాదు. ప్రభాకరం ఒకసారి ఉప్పుకాగితం తెచ్చి గీకబోతే చెయ్యి పట్టుకుని లాగేసింది.

"అది మురికి కాదన్నయ్యా, పనిచేసిన గుర్తు. పైపైన నల్లగా ఉంటే దానికొచ్చిన నష్టమేం లేదు. లోపల శుభ్రంగా ఉంటే చాలు."

నా గురించి అంత సరిగ్గా మాట్లాడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఒకరోజు, లోపలి గాలిని ఇంకా నలిపే నా తల మీది మర కాస్త ఎక్కువ బిగించి ప్రొపెల్లరు తిప్పింది. ఎక్కువ బిగిస్తే నేను ఊరుకోను. వెనక్కి తన్నాను. చెక్క ప్రొపెల్లరు ఆమె కుడిచేతి చూపుడువేలి మీద పడింది. కణుపు దగ్గర ఏటవాలుగా తెగి కుట్లు పడ్డాయి. ఆ వారంలోనే పెళ్లిచూపులు. వేలికి కట్టుతో పళ్లెం పట్టుకొచ్చిన పిల్లని చూసి మగపెళ్లివారు అదేమిటని అడిగారు. విమానం ఎగరేస్తుంటే తగిలిందంటే సంబంధం ఏమవుతుందో అని వాళ్లమ్మకి కంగారు.

"కత్తిపీట తెగిందండీ. వంటపనంటే మా అమ్మాయికి అంత ఇదండి. చెయ్యొద్దన్నా ఊరుకోదు" అంది.

మగపెళ్లివారు మురిసిపోయారు. నేను చేసిన గాయం కాస్తా ఆమె వంటకి యోగ్యతాపత్రం అయిపోయింది. పెళ్లికొడుకు సోమసుందరం ఆ కట్టు చూసి జాలిపడి, పెళ్లయ్యాక కూరలు తనే తరుగుతానని అక్కడే మాట ఇచ్చాడు. మంచివాడు. ఇచ్చిన మాట తప్పలేదు కూడా. ఆనాటినుంచి ఆ ఇంట్లో బెండకాయ దగ్గర్నుంచి కందగడ్డ దాకా అతనే తరిగాడు.

హైమ ట్రంకుపెట్టెలో నేనూ అత్తారింటికి వెళ్లాను. పెట్టె తెరిచినప్పుడు సోమసుందరం "ఇదేంటి?" అని అడిగితే "మా అన్నయ్యది, గుర్తుగా తెచ్చుకున్నా" అంది. వాళ్ల నాన్నగారు అలా చెప్పమన్నారట. ఒక్క ముక్కలో నన్నూ, తననూ కూడా అన్నయ్యకి రాసిచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. మండించుకుని ఏం చేస్తాను? ఆముదం పోసేవాళ్లు లేరు.

నన్ను ముందుగదిలో షోకేసులో పెట్టారు. ఒక పక్క తాజ్‌మహలు, ఇంకో పక్క తల ఊపే తంజావూరు బొమ్మ. సముద్రం దగ్గర్లోనే ఉంది, ఉప్పుగాలి రాత్రీ పగలూ వస్తూనే ఉంటుంది. దాన్నైనా తట్టుకున్నాను గానీ సుభద్రమ్మ శుభ్రాన్ని తట్టుకోవడం కష్టమైంది. సుభద్రమ్మ సోమసుందరానికి అక్క, పక్కవాటాలో కాపురం. ఆవిడకి మెరవనిది ఏదైనా మైలే. దసరాలకి పూజ సామాన్లతోపాటు నన్నూ నూతిగట్టు మీద వేసి చింతపండు, ఇటుకపొడి పెట్టి కొబ్బరిపీచుతో తోమేసేది. ఇత్తడి చెంబుకి అది స్నానమే కావచ్చు. నా పిస్టనుకి అది చావు. ఎవరికి చెప్పను?

తోమాక పూజ. కత్తిపీట, కుట్టుమిషను, స్కూటరు, నేను. ఆయుధాలన్నిటికీ పసుపు, కుంకుమ. నాకు బొట్టు ఎక్కడ పెట్టేవారనుకున్నారు? సరిగ్గా పొగ బయటికొచ్చే కన్నంలో! అక్కడైతే కుదురుగా నిలుస్తుందట. నన్ను కత్తిపీట పక్కనే పెట్టేవారు. పాపం, నా నేరం అది మోస్తోందని మా ఇద్దరికే తెలుసు.

నేను చావలేదు. ఎందుకో చెబుతాను, గొప్పగానే చెబుతాను. హైమ వేలు తెగిన రోజు ఎవరూ కడగక ఒంట్లో మిగిలిపోయిన ఆముదాన్ని ఏళ్ల తరబడి గట్టిపరిచి, లక్కలా చేసుకుని, పిస్టన్ని ఆ కన్నానికి అడ్డంగా నిలబెట్టి బిగుసుకుపోయాను. తోముకోండి, బొట్లు పెట్టుకోండి, మీ ఇటుకపొడి ఒక్క రవ్వ కూడా లోపలికి రానివ్వను అనుకున్నాను. రానివ్వలేదు. హైమ నన్ను తుడుస్తూ ఎప్పుడైనా ప్రొపెల్లరు బిగించే ఇరుసు పట్టుకుని తిప్పి చూసేది. నేను కదిలేదాన్ని కాదు. ఆమె ముఖం చిన్నబోయేది. కావాలనే అనుకునేదాన్ని, నీ నోరు తెరుచుకునేదాకా నేనూ కదలను పో అని.

అలా ఉండగా కాలేజీకి స్వర్ణోత్సవాలొచ్చాయి. పాత వస్తువులతో అద్దాల బీరువా పెడతామని చక్రధర్ అనే లెక్చరరు మా ఇంటికి వచ్చాడు. సోమసుందరం అప్పటికి రిటైరయ్యాడు. సంతోషంగా నన్ను షోకేసులోంచి తీసి అతని చేతిలో పెట్టాడు.

"మా బావమరిది ప్రభాకరానిదండి. కాలేజీలో పెద్ద హీరో అట అప్పట్లో."

"అయితే ఇత్తడి పలక మీద వారి పేరే చెక్కిద్దామండి. 'ప్రభాకరం గారు ఎగురవేసిన విమానపు ఇంజిన్' అని. కాకపోతే ఇది బాగా నల్లబడిపోయిందండి. కాస్త తళతళలాడేలా చేయించి ఇస్తే, టేకు దిమ్మ మీద గట్టి జిగురుతో అతికించేస్తాం. ఇంక ఎవరూ ఎత్తుకుపోలేరు."

తళతళ. జిగురు. వాంతి చేసుకున్న ప్రభాకరం. మూడూ ఒక్క గుక్కలో! హైమ కాఫీలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చెప్పవే తల్లీ, ఇప్పుడైనా చెప్పు అని నేను లోపల్లోపల అరిచాను. "పంచదార సరిపోయిందాండి?" అని అడిగి లోపలికి వెళ్లిపోయింది.

నన్ను మెరిపించే బాధ్యత సుభద్రమ్మ తీసుకుంది. సోమసుందరం స్క్రూడ్రైవరుతో నా వెనకమూత ఊడదీశాడు. మిగతావి రాకపోయేసరికి పటకారు తెచ్చి నా ఇరుసుని మెలితిప్పబోయాడు. నేను లొంగలేదు. ఈలోగా సుభద్రమ్మ ప్లాస్టిక్ బేసిన్లో నీళ్లు పోసి, తూములు పూడిపోతే వేసే కాస్టిక్ సోడా కలిపింది.

"ఇందులో వేస్తే బొగ్గైనా తెల్లబడిపోద్ది తమ్ముడూ. ముందు ఆ మూత వేసి చూద్దాం."

నా మూత అల్యూమినియం. వేశారో లేదో బుసబుసమని నురుగు లేచింది. సుభద్రమ్మ మురిసిపోయింది. "చూశావా, మురికెలా పోతందో!" అంది. పోతున్నది మురికి కాదు, నేను. తర్వాత నా ఒళ్లంతా అందులో ముంచడానికి సోమసుందరం నన్ను బేసిన్ మీదికి తెచ్చాడు.

అప్పుడు పెరట్లోంచి హైమ పరిగెత్తుకొచ్చింది. బట్టలారేసే చేతులు, తడిగానే ఉన్నాయి.

"తియ్యండి! ముందు ఆ చెయ్యి వెనక్కి తియ్యండి! అది అల్యూమినియం, సోడాలో కరిగిపోద్ది. ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని?"

పటకారుతో మూతని పైకి తీసి, కుళాయి కింద పెట్టి, ఒకటే నీళ్లు. మూత మీద చిన్నచిన్న గుంటలు పడ్డాయి గానీ అంచు బతికింది. హైమ ఆ ఇంట్లో అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. అక్కాతమ్ముళ్లిద్దరూ నోళ్లు తెరుచుకుని చూశారు.

"ఇవన్నీ నీకెలా తెలుసే?" అన్నాడు సోమసుందరం.

ఆమె నోరు తెరిచింది. నేను ఊపిరి బిగబట్టాను, అంటే ఎప్పుడూ బిగబట్టే ఉన్నాననుకోండి. "అన్నయ్య చేస్తుంటే చూశాను" అంది. ఛీ అనుకున్నాను. కానీ తర్వాత ఇంకో మాట అంది. "దీన్ని ఇంక ఎవరూ ముట్టుకోవద్దు. శుభ్రం చేసేది నేను." ఆ మాటలో మాత్రం పాత హైమ గొంతు వినబడింది.

మర్నాడు బజారుకెళ్లి కారు రేడియేటర్లో పోసే ఆకుపచ్చ కూలెంటు డబ్బా తెచ్చింది. గట్టిపడిన ఆముదాన్ని కరిగించడానికి దానికి మించింది లేదు, కానీ మెల్లగా, సన్నటి వేడి మీద నానాలి. అందుకు ఆమె వంటింట్లోంచి ఎత్తుకొచ్చింది ఏమిటంటే, పెళ్లిరోజుకి సుభద్రమ్మ కొనిచ్చిన రైస్ కుక్కరు. వెనక వరండాలో, గాలి బాగా తగిలేచోట పెట్టి, నన్ను అందులో దించి, కూలెంటు పోసి స్విచ్చి వేసింది.

"నేనిచ్చిన కుక్కరే దొరికిందా నీకు? రేపు అందులో అన్నం ఎలా తింటారే?"

"ఇంక తినకూడదు వదినా, ఇది విషం. కుక్కరు దీనికే ఉంచేద్దాం. వేడి ఎంత సన్నగా నిలుపుతోందో చూడండి, మీరు మంచిదే కొన్నారు."

సుభద్రమ్మకి కోపగించుకోవాలో సంతోషించాలో తెలియలేదు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఆకుపచ్చ నీళ్లు టీ రంగుకి తిరిగాయి. నేను కాపలాగా పెట్టుకున్న లక్క పొరలు పొరలుగా వదిలింది. భయమేసిందండీ నాకు, అబద్ధమెందుకు? ఇన్నేళ్లూ నన్ను కాపాడింది ఆ బిగువే. అది పోయాక లోపల ఏం మిగిలి ఉందో నాకూ తెలియదు. హైమ నన్ను గుడ్డతో పట్టుకుని విప్పింది. కన్నంలో రాయిలా గట్టిపడ్డ కుంకుమని చీపురుపుల్లతో తవ్వి తీసింది, సూది పెట్టలేదు. టూత్‌బ్రష్షుతో గీకి, వేడినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టి, కిరసనాయిలు, తర్వాత నూనె. ఈసారి మల్లుగుడ్డ ఆమె పాత చీరలోది. పిస్టన్ని రుద్దనేలేదు. నా తల మీద మరకలు అలాగే ఉంచింది. అన్నీ బిగించి, ఇరుసుకి ట్రంకుపెట్టె అడుగునుంచి తీసిన పాత చెక్క ప్రొపెల్లరు తగిలించి, వేలితో మెల్లగా తిప్పింది.

నేను వెనక్కి నెట్టాను.

"ఉన్నావా నువ్వింకా!" అంది. కళ్లనీళ్లు నా మీద పడబోతే గభాలున తల పక్కకి తిప్పుకుంది, నీళ్లు నాకు పడవని తెలుసు కదా.

అప్పుడు చక్రధర్‌కి ఫోను చేసి, వచ్చేటప్పుడు కెమిస్ట్రీ ల్యాబులోంచి కాస్త ఈథరు తెమ్మంది. అతను తెచ్చాడు గానీ, నన్ను చూసి నీరసపడ్డాడు.

"నల్లగానే ఉందండి. అయినా బీరువాలో పెట్టడానికే కదండీ, నడవక్కర్లేదు కదా?"

"నడవకపోతే దాన్ని ఇంజిన్ అని ఎందుకనాలి బాబూ?"

పెరట్లో పాత చెక్కబల్లకి నన్ను బోల్టులతో బిగించింది. ఈథరు, కిరసనాయిలు, ఆముదం కలిపి పోసింది. ఆ మొదటి గుక్క రుచి ఏం చెప్పమంటారు! గాలిగొట్టం వేలితో మూసి, ప్రొపెల్లరు తిప్పింది. దగ్గాను. మళ్లీ తిప్పింది. మళ్లీ దగ్గాను. ఆమె భుజం నొప్పితో ఆగింది. నాకు ఆదుర్దా ఎక్కువైపోయింది. ఇప్పుడు అంటుకోకపోతే రేపు జిగురే.

"జరుగు హైమా, నీ వల్ల కాదుగానీ" అంటూ సోమసుందరం వచ్చాడు. వస్తూనే నా తల మీది మర ఇంకాస్త బిగించాడు. గట్టిగా ఉంటే మంచిదని అతని నమ్మకం, షోకేసు తలుపు దగ్గర్నుంచి అన్నిటికీ అంతే.

"అంత బిగించకండి! వెనక్కి తంతది. వేలు వెంటనే తీసెయ్యాలి."

"నాకు తెలుసులేవే" అని తిప్పాడు.

తన్నాను. ఎవరైతే నాకేంటి? సోమసుందరం "అమ్మో" అని ఎగిరాడు. హైమ ఒక్క అంగలో వచ్చి అతని చెయ్యి పట్టుకుని, కొంగుతో వేలు అదిమి, పైకెత్తింది.

"ఇలా ఎత్తే ఉంచండి. ఏం పర్లేదు, కుట్లక్కర్లేదు. నాకు తగిలినంత లోతు కాదిది."

అన్నాక ఆమెకి అర్థమైంది తనేమందో. సోమసుందరం కొంగు తీసి తన వేలు చూసుకున్నాడు. తర్వాత ఆమె కుడిచెయ్యి అందుకుని, ఆ చూపుడువేలు తన వేలి పక్కన పెట్టాడు. అదే కణుపు. అదే ఏటవాలు.

"కత్తిపీట" అన్నాడు.

హైమ తల అడ్డంగా ఊపింది. "కాదండి. ఇదే. ఎగరేసింది నేనే, అన్నయ్య కాదు. వాడు రెండు చుట్లు తిరిగితే వాంతి చేసుకునేవాడు. మొదట్లో భయమేసి చెప్పలేదు. తర్వాత... ఏమో, చెప్పడానికి సిగ్గేసింది. నాది నాది అని లోపల ఎన్నిసార్లు అనుకున్నానో!"

సోమసుందరం ఆమెనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. అతని ముఖంలో కోపం వస్తుందేమోనని సుభద్రమ్మ లేచి నిలబడింది.

"అయితే ఇన్నేళ్లూ కూరలు నేనెందుకు తరిగానే?" అన్నాడు.

ముందు నవ్వింది సుభద్రమ్మ. హైమకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. అలా నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, కొంగు బిగించి, మర కొంచెం వదులు చేసి, వేలితో ఒక్క విదిలింపు విదిలించింది. చెయ్యి ఎప్పుడు వెనక్కి తీసిందో నాకే కనబడలేదు.

అరిచానండీ! ఇన్నేళ్ల మౌనం, తాజ్‌మహలు పక్కన కూర్చోబెట్టిన అవమానం, చింతపండు, ఇటుకపొడి, అన్నీ కలిపి అరిచాను. జామచెట్టు మీద కాకులు లేచిపోయాయి. ఆముదం తుంపర్లు తిన్నగా వెళ్లి చక్రధర్ తెల్లచొక్కా మీద పడ్డాయి. ఆ హోరులో సోమసుందరం అతని చెవి దగ్గర నోరు పెట్టి కేకేశాడు.

"పేరు మార్చండి! పలక మీద పేరు మార్చండి!"

"ఏంటండీ? వినబడట్లేదు!"

"హైమవతి! మా ఆవిడ! ఎగరేసింది మా ఆవిడ!"

ఇప్పుడు నేను కాలేజీలో అద్దాల బీరువాలో ఉన్నాను. పలక మీద హైమవతి అనే ఉంది. జిగురుకి ఆమె ఒప్పుకోలేదు. రెండు బోల్టులతో బిగించారు, వాటి పానా ఆమె హ్యాండ్‌బ్యాగులో ఇంటి తాళాలతోపాటు ఉంటుంది. అప్పుడప్పుడు వచ్చి నన్ను విప్పి మైదానంలోకి తీసుకెళ్తుంది. మొన్న దసరాకి సుభద్రమ్మ కుంకుమభరిణె పట్టుకుని కాలేజీకే వచ్చింది. నా వైపు వేలు చాపి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "దీనికొద్దులే, కరుస్తది" అని బొట్టు టేకు దిమ్మకి పెట్టి వెళ్లింది. ఇంట్లో కూరలు ఇప్పటికీ సోమసుందరమే తరుగుతున్నాడట, తెలిసే తరుగుతున్నాడు.

నా కింద తెల్లటి శాటిన్ గుడ్డ పరిచారు. నేను దాని మీద ఆముదం కారుస్తాను. బీరువా చూసే అటెండరు విసుక్కుంటూ గుడ్డ మారుస్తాడు. కొత్తగుడ్డ మీద మళ్లీ కారుస్తాను. పక్కనున్న వెండికప్పులు, పతకాలు తళతళలాడుతూ నన్ను అసహ్యంగా చూస్తాయి. చూడనివ్వండి. వాటిలో ఒక్కదానికీ కారడానికి ఏమీ లేదు.